చప్పిడి మాస్టారి పిల్లల గది

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. అక్కడి నుంచి బయటికి వచ్చిన దాఖలా లేదు. ఆస్పత్రి వంటగదిలో ముప్ఫై ఏళ్ళ పాటు రోగులకు ఉప్పూ కారం లేని భోజనం వండి వండి, చివరికి ఆ వంట పేరే ఆయనకు అంటుకుపోయింది. చప్పిడి మాస్టారు. ఎవరైనా మొహం మీదే అలా పిలిచినా ఆయనకు కోపం వచ్చేది కాదు. అదేదో పెద్ద చదువు చదివి తెచ్చుకున్న పట్టా అన్నట్టు మీసం సవరించుకునేవాడు.

ఆస్పత్రివాళ్ళు వంటగదిని కాంట్రాక్టుకు ఇచ్చేశాక, యాభై నాలుగో ఏట ఆయన ఒక హైస్కూల్లో వంట నేర్పే పంతులుగా చేరాడు. పెద్ద తరగతుల పిల్లలకు పుస్తకాలతో పాటు చేతిపని కూడా నేర్పాలని ఆ స్కూలు వెనక, రేకుల కప్పున్న పొడుగాటి భవనంలో మూడు గదులు పెట్టారు. మొదటిది డిజైన్ గది. అక్కడ కుట్టుమిషన్లు, తల లేని బొమ్మలు, గోడ నిండా రంగు కాగితాలు. చివరిది వంటగది. మధ్యలోది పిల్లల సంరక్షణ గది. ఆ గదిలో నిజం పిల్లలే ఉండేవాళ్ళు. టీచర్ల పిల్లలు, ఆఫీసు గుమాస్తాగారి కవలలు, గేటు కాపలాదారు మనవరాలు, అంతా కలిపి ఎనిమిది మంది. అందరూ రెండేళ్ళకీ నాలుగేళ్ళకీ మధ్యవాళ్ళు. పెద్ద తరగతి విద్యార్థులు వాళ్ళను ఆడించి, తినిపించి, నిద్రపుచ్చి, ఆ పని నేర్చుకునేవాళ్ళు.

వంటగదికీ పిల్లల గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. రోజూ పదకొండింటికి మాస్టారు ఆ కిటికీ తెరిచి ఎనిమిది సూప్ గిన్నెలు అవతలికి తోసేవాడు. అవతలి నుంచి ఎనిమిది జతల చిట్టి చేతులు వచ్చి అందుకునేవి. ఆయన వెంటనే కిటికీ మూసేవాడు. ఆ పిల్లలను ఆయన మోచేతుల దాకానే ఎరుగును. అంతకంటే పైకి పరిచయం పెంచుకోవాలని ఏనాడూ అనుకోలేదు.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు ప్రిన్సిపాల్ వచ్చాడు. పిల్లల గది టీచరమ్మకు నెలలు నిండి సెలవు మీద వెళ్ళింది. ఆమె బదులు వచ్చినావిడ ఒక పూట పనిచేసి, ఇప్పుడే టీ తాగి వస్తానని వెళ్ళి, వారమైనా తాగుతూనే ఉంది.

"మాస్టారూ, మీరొక మూడు వారాలు చూసుకోవాలి," అన్నాడు ప్రిన్సిపాల్.

"దేన్ని సార్?"

"పక్క గదిని."

"పక్క గదిలో పిల్లలున్నారు సార్."

"వాళ్ళనే."

మాస్టారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "సార్, నాలుగొందల మందికి భోజనం పెట్టమనండి, ఒంటిచేత్తో పెడతాను. పిల్లల సంగతి మాత్రం నాకు తెలీదు సార్."

"వీళ్ళు ఎనిమిది మందే కదా మాస్టారూ!"

"ఆ నాలుగొందల మందీ మంచాల మీద పడుకుని ఉండేవాళ్ళు సార్!"

ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నాడు. గదిలో పెద్దవాళ్ళు ఒకరు లేకపోతే క్లాసు మూసేయాలని రూలుందనీ, డిజైన్ టీచర్‌కు అదే వేళకి క్లాసుందనీ, మాస్టారి వంట క్లాసు మధ్యాహ్నం గనక పొద్దున ఖాళీయేననీ గబగబా చెప్పేసి, గరిటె తన వైపు తిరిగేలోగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పగానే భార్య తరుగుతున్న కూరగాయలు పక్కన పెట్టి నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, పొయ్యి మీద పాలు పొంగి, కారి, ఆరిపోయాయి కూడా.

"అంత నవ్వేం అక్కర్లేదు. నేనూ ఒక పిల్లకి తండ్రినే," అన్నాడు మాస్టారు.

"తండ్రేలెండి. తెల్లారకముందే వెళ్ళేవాళ్ళు, పిల్ల పడుకున్నాక వచ్చేవాళ్ళు. మూడేళ్ళప్పుడు నన్నడిగింది, 'ఆదివారం ఆదివారం మనింటికొచ్చే ఆ మీసాల మామయ్య ఎవరమ్మా' అని."

"అది అలా అనలేదు."

"అంది. మీకు చెప్తే బాధపడతారని ఇన్నాళ్ళూ దాచాను."

మాస్టారు ఆ పూట అన్నంలో ఏం కలుపుకున్నాడో ఆయనకే తెలియదు. భోజనమయ్యాక భార్యకు జాలేసి, ఒక దిండు ఆయన చేతికిచ్చి పసిపిల్లను ఎలా ఎత్తుకోవాలో చూపించబోయింది. ఆయన దాన్ని అరచేతి మీద నిలబెట్టి, భుజం ఎత్తుకు లేపి, ఇంకో చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ట్రే కాదండీ అది! పిల్ల!"

"పడలేదు కదా!"

మర్నాడు తెల్లకోటు, తలమీద పొడుగు టోపీ పెట్టుకుని మాస్టారు పిల్లల గదిలో అడుగుపెట్టాడు. ఇన్నాళ్ళూ ఆయన చేతులు మాత్రమే చూసిన ఆ ఎనిమిది మందీ, ఆ చేతుల వెనక ఇంత పెద్ద మనిషి ఉంటాడని ఊహించలేదు. ఒక్కసారిగా గొంతులెత్తారు. విద్యార్థులు పదకొండు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. క్లాసు లీడరు ఒక పొడుగాటి అమ్మాయి. ఆమె నెమ్మదిగా దగ్గరికొచ్చి, "మాస్టారూ, పిల్లలతో వాళ్ళ కళ్ళ ఎత్తుకి వంగి మాట్లాడాలని పుస్తకంలో ఉందండీ," అంది.

మాస్టారు తన నడుముని ఒకసారి సంప్రదించాడు. అది ఒప్పుకోలేదు. అందుకని పిల్లల్నే ఒక్కొక్కరిగా ఎత్తి పొడుగు బల్ల మీద వరసగా కూర్చోబెట్టాడు. ఇప్పుడు అందరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. పిల్లలకు ఈ ఏర్పాటు ఎంత నచ్చిందంటే, ఏడుపు సగంలో ఆపేసి కాళ్ళు ఊపుకోవడం మొదలుపెట్టారు. గేటు కాపలాదారు మనవరాలు తప్ప.

ఆ పిల్ల ఏడుపు తీరే వేరు. ముందు సన్నగా సుయ్యిమని మొదలయ్యేది. తర్వాత మొహం ఎర్రబడేది. ఆ తర్వాత కూత. మాస్టారు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. మూడు కూతలయ్యాక పిల్ల దానంతటదే చల్లారి, బొమ్మ కావాలంది.

"ఇది కుక్కరు," అని తేల్చాడాయన. "మూడు కూతల దాకా ఎవరూ ముట్టుకోకండి. మధ్యలో మూత తీయబోతే మీద పడుద్ది."

ఆ రోజు నుంచి దాని పేరు కుక్కరే. గుమాస్తాగారి కవలలకు ఉప్పు, పంచదార అని పెట్టాడు. ఇద్దరూ చూడ్డానికి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు, మరీ దగ్గరికెళ్తే గానీ తేడా తెలియదు. పంచదార ముద్దు పెడతాడు. ఉప్పు కొరుకుతాడు.

పిల్లల్ని పెంచడం తెలియకపోవచ్చు గానీ, వంటగది నడపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మూడో రోజుకల్లా పిల్లల గదిని కూడా అలాగే నడపడం మొదలుపెట్టాడు. గది మధ్యలో నిలబడి గట్టిగా కేకేసేవాడు.

"ఆర్డర్! ముక్కులు మూడు!"

"తుడుస్తున్నాం మాస్టారూ!"

"చెయ్యి కడిగేది ఒకటి, జడ ఒకటి! ఆ మూల నిద్ర ఎంతవరకూ వచ్చింది?"

"ఇంకో రెండు నిమిషాలండీ!"

"తొందరపడొద్దు! సగం నిద్రలో దించితే మొత్తం పాడవుద్ది!"

విద్యార్థులకు ఇది భలేగా నచ్చింది. ఇంతకుముందు ఎవరు ఏ పని చేయాలో తెలియక ఒక పిల్లవాడి ముక్కు నలుగురు తుడిచేవాళ్ళు, ఏడుగురి ముక్కులు కారుతూ ఉండేవి. ఇప్పుడు ఎవరి పని వాళ్ళది. రెండో వారంలో ఒకరోజు పదకొండున్నరకి ప్రిన్సిపాల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది? పిల్లలు ఏరి? చప్పుడే లేదు!"

"తింటున్నారు సార్. వెనక నుంచి వెళ్ళేటప్పుడు వంటగదిలోలాగే 'వేడి' అని చెప్పి వెళ్ళండి, లేకపోతే తిడతారు."

ప్రిన్సిపాల్ చెప్పకుండానే వెళ్ళాడు. మూడేళ్ళ పంచదార వెనక్కి తిరిగి ఆయన్ని నిజంగానే తిట్టాడు. ఏమని తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు గానీ, తిట్టని మాత్రం అందరికీ అర్థమైంది.

ఇలా గాడిన పడ్డ బండికి డిజైన్ టీచర్ అడ్డం వచ్చింది. ఆవిడ మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది. మనిషిని చూస్తే ముందు భుజాల కొలత తీసుకుని, తర్వాత మొహం గుర్తుపట్టే రకం. ఆవిడ క్లాసు ఆ ఏడాది చేయాల్సిన పని, పిల్లలు రంగులూ సూపూ మీద పోసుకోకుండా మెడ నుంచి మడమల దాకా కప్పే ఒకటే తొడుగు. దానికి 'ఆటతొడుగు' అని పేరు కూడా పెట్టుకున్నారు. కొలతలకు పిల్లలు నిలబడకపోతే మాస్టారే ఉపాయం చెప్పాడు. ఒక్కొక్కరికి రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు పెట్టి, చేతులు చాపి ఉంచమన్నాడు. అలా చాపిన చేతులతోనే కొలిచారు. పైగా సూప్ తాగాక కొలిచారు. దాంతో ఎనిమిది తొడుగులూ గాలిపటాల్లా తయారయ్యాయి.

కానీ ఆవిడ గర్వమంతా వీపు వైపు ఉంది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు విప్పుకోకుండా, మెడ నుంచి నడుము కిందదాకా వరసగా ఇరవై రెండు బొత్తాలు. ఒక్కొక్కటి పెసరగింజంత.

మాస్టారు చాలాసేపు ఆ బొత్తాలనే చూశాడు. "టీచర్‌గారూ, బాగుంది. కానీ... అవసరమొస్తే ఎలా?"

"ఏ అవసరం?"

"అదేనండీ. అవసరం."

"డిజైన్‌లో ముందు గీత చూడాలి మాస్టారూ," అందావిడ కళ్ళజోడు సర్దుకుంటూ. "అవసరాలు తర్వాత."

మూడో వారం చివర్లో పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒక అధికారిణి వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ ముందు రోజే ప్రణాళిక వేశాడు. పిల్లలు ఆటతొడుగులు వేసుకుని డిజైన్ గదిలోంచి బయల్దేరి, వరండా మీదుగా ఊరేగింపులా నడుచుకుంటూ పిల్లల గదికి వచ్చి, అక్కడ మాస్టారు వండిన సూప్ తాగాలి. మూడు విభాగాలూ ఒకే చూపులో కనపడిపోతాయి.

పొద్దున్నే డిజైన్ విద్యార్థులు బొత్తాలు పెట్టడానికి కూర్చున్నారు. అరగంట పట్టింది. అంతసేపూ పిల్లలు కదలకుండా ఉండాలి కదా అని మాస్టారు తలా ఒక గ్లాసు పళ్ళరసం ఇచ్చాడు. ఇంకా బొత్తాలు మిగిలే ఉన్నాయి. ఇంకో గ్లాసు ఇచ్చాడు. ఆ రెండో గ్లాసు గురించి ఆయన తర్వాత చాలాకాలం బాధపడ్డాడు.

అధికారిణి సన్నగా, నిటారుగా, చేతిలో ఫైలుతో వచ్చింది. వరండాలో పిల్లల ఊరేగింపు మొదలైంది. రంగురంగుల గాలిపటాల్లా ఎనిమిది మంది ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే నిజంగానే ముచ్చటగా ఉంది. ఆవిడ మొహంలో చిరునవ్వు లాంటిదొకటి కదిలింది. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని, "మేడమ్, మా మూడు విభాగాల సమన్వయం..." అని మొదలుపెట్టాడు.

అంతలో సుయ్యిమని వినిపించింది.

మాస్టారు తలెత్తాడు. మూడు వారాల్లో ఆయన చెవి బాగా పదునెక్కింది. ఇది రోజూ వినే ఏడుపు కాదు. కుక్కరు ఊరేగింపు మధ్యలో ఆగి, మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, ఆయన వంక చూసింది.

"మాత్తాలూ, వత్తోంది."

"ఏమొస్తోందమ్మా?" అని అధికారిణి ముద్దుగా అడిగింది.

ముప్ఫై ఏళ్ళ అలవాటు మాస్టారిని పట్టుకుని నిలబెట్టింది.

"ఆర్డర్!" అని వరండా దద్దరిల్లేలా అరిచాడు. "కుక్కరు ఒకటి! అర్జెంటు! బొత్తాలు ఇరవై రెండు! పైనుంచి ఇద్దరు, కిందనుంచి ఇద్దరు!"

"వస్తున్నాం మాస్టారూ!" అంటూ విద్యార్థులు దూకారు.

"లాగొద్దు! కుట్లు ఊడతాయి!" అని డిజైన్ టీచర్ కేక పెట్టింది.

"పదిహేడు! పద్దెనిమిది!" లీడరమ్మాయి లెక్కపెడుతోంది. ఇరవై రెండో బొత్తాం ఊడగానే మాస్టారు కుక్కర్ని చంకనేసుకుని బాత్‌రూము వైపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం ఆ స్కూల్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

తిరిగొచ్చేసరికి అసలు కథ మొదలైంది. ఒకరికి అవసరమొస్తే మిగతా ఏడుగురికీ గుర్తొచ్చింది. "నాక్కూడా" అన్నాడు ఉప్పు. "నాకు ముందు" అంది ఇంకో పిల్ల. వంట విద్యార్థుల్ని కూడా పిలిచారు. డిజైన్ విద్యార్థులు సూదులు పారేసి వచ్చారు. ప్రిన్సిపాల్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిల్లవాడి వీపు పట్టుకున్నాడు. వరండా అంతా వీపులూ, వేళ్ళూ, అరుపులూ.

పంచదార మాత్రం అటూ ఇటూ చూసి, ఖాళీగా నిలబడ్డ మనిషి ఎవరా అని వెతికి, నేరుగా వెళ్ళి అధికారిణికి వీపు చూపించి నిలబడ్డాడు.

ఆవిడ ఫైలు కింద పెట్టింది. "ఎక్కడ మొదలుపెట్టాలి?"

మాస్టారు ఎవరు అడిగారో చూడనైనా లేదు. "మెడ దగ్గర! మాటలొద్దు, చెయ్యాడించు!"

"సరే మాస్టారూ!" అని ఆవిడ వంగింది.

ఏడుగురు గట్టెక్కారు. ఎనిమిదోవాడు ప్రిన్సిపాల్ చేతిలో పడ్డవాడు. ఆయన వేళ్ళు లావు. పందొమ్మిదో బొత్తాం దగ్గర ఇరుక్కుపోయాయి. నున్నగా పాలిష్ చేసిన ఆయన బూట్ల మీద సన్నటి ధార పడుతుంటే ఆయన అలాగే బొమ్మలా ఉండిపోయాడు. పిల్లవాడు పని పూర్తయ్యాక వెనక్కి తిరిగి, ఆయన భుజం తట్టి, "పల్లేదు" అన్నాడు.

అధికారిణి లేచి చీర సర్దుకుంది. "ఈ బొత్తాల ఆలోచన ఎవరిది?"

డిజైన్ టీచర్ మెడలో టేపు సర్దుకుంది. ఒక అడుగు ముందుకు వేయబోయింది. ఈలోగా మాస్టారు అడ్డం వచ్చాడు. "మూడు గదులవాళ్ళం కలిసే చేశాం మేడమ్. బొత్తాలు డిజైన్ గదివి. పిల్లలు మధ్య గదివాళ్ళు. పళ్ళరసం నాది. రెండు గ్లాసులు."

ఆవిడ ఆ మనిషిని, ఆ టోపీని, చంకలో ఉన్న కుక్కర్ని ఎగాదిగా చూసింది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే పిల్లల గదిలోకి వచ్చి, వాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని సూప్ తాగింది. మూడు చెంచాలయ్యాక చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "కాస్త ఉప్పు దొరుకుతుందా?" అంది. బల్ల చివర్నుంచి ఒక పిల్లవాడు "నేనే" అని చెయ్యెత్తాడు.

డిజైన్ టీచర్ ఆ వారంలోనే బొత్తాలన్నీ కోసేసి, ఒక్క లాగుడుతో ఊడివచ్చే పట్టీలు కుట్టించింది. ఒకరోజు మాస్టారి కోటు తీసుకెళ్ళి, వదులైన జేబులన్నీ బిగించి, ఇస్త్రీ చేసి తెచ్చిచ్చింది.

తనిఖీ నివేదికలో స్కూలుకి మంచి మాటలే వచ్చాయి. చివర్లో ఒక్క వాక్యం మాత్రం ఇబ్బందిగా ఉంది. పిల్లల గది చూసుకునే వ్యక్తికి సంరక్షణ సర్టిఫికెట్ ఉండితీరాలి. సెలవు మీదున్న టీచరమ్మ పసిబిడ్డను వదిలి ఇప్పట్లో రాలేనని రాసింది. ప్రిన్సిపాల్ ఆ ఏడాది పూర్తయ్యేదాకా ఇంకొకరిని వెతికి పెట్టాడు. "మాస్టారూ, మీకు విముక్తి. వంటగదికి వెళ్ళిపోవచ్చు," అన్నాడు.

మాస్టారు వంటగదికి వెళ్ళాడు. కిటికీ తెరిచి గిన్నెలు తోశాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. అవతల ముక్కులు ఎన్ని కారుతున్నాయో చూశాడు. నాలుగు. ఎవరూ ఆర్డర్ చెప్పడం లేదు. నాలుగు రోజులు అలా గడిపాక ఆఫీసు గదికి వెళ్ళి, "సార్, ఆ సర్టిఫికెట్ పరీక్ష ఎవరెవరు రాయొచ్చు?" అని అడిగాడు.

"ఎవరైనా రాయొచ్చు. ఎందుకు?"

"ఊరికే సార్."

ఊరికే అన్న మనిషి ఆ సాయంత్రమే లీడరమ్మాయి దగ్గర నోట్సు అప్పు తెచ్చుకున్నాడు. రెండు నెలలు భార్య పాఠాలు అప్పజెప్పించుకుంది. పరీక్ష హాల్లో తన విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. మోకాళ్ళు డెస్కు కింద పట్టక, డెస్కుని ఒళ్ళో పెట్టుకున్నట్టే కూర్చుని రాశాడు. 'పిల్లలు అకారణంగా ఏడుస్తున్నప్పుడు ఏం చేయాలి?' అన్న ఐదు మార్కుల ప్రశ్నకు ఆయన రాసిన జవాబు ఇది: 'అకారణంగా ఎవరూ ఏడవరు. మూడు కూతల దాకా ఆగాలి. తర్వాత మొహం తుడవాలి. అప్పటికీ ఆగకపోతే మనమే ఏదో మర్చిపోయాం.' దిద్దినవాళ్ళు 'కూతలు' అన్న మాట కింద ఎర్రగీత గీసి, ప్రశ్నార్థకం పెట్టి, రెండు మార్కులు వేశారు.

నాలుగు మార్కుల తేడాతో గట్టెక్కాడు. లీడరమ్మాయి మొదటి స్థానంలో వచ్చింది. ప్రాక్టికల్స్‌లో మాత్రం ఇద్దరికీ నూటికి నూరు. ఆ కాగితం ఇంటికి తెస్తే భార్య రెండుసార్లు చదివి, ఈసారి నవ్వలేదు. కూతురికి ఫోను చేసి, "మీ నాన్న పాసయ్యారే," అని మాత్రం చెప్పి, మిగతాది ఆయన్నే చెప్పుకోమని ఫోను చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళు గంటసేపు మాట్లాడుకున్నారు. అంతసేపు వాళ్ళు మాట్లాడుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ అనుభవం లేదు.

కొత్త ఏడాది మొదటి రోజున, పొద్దున పూట పిల్లల గది, మధ్యాహ్నం వంటగది అని ఆయన పేరు మీద చార్టు అతికించారు. ఎనిమిదింటికే ఒక తల్లి రెండేళ్ళ పిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి, లోపల నేల తుడుస్తున్న భారీ మనిషిని చూసి తటపటాయించింది.

"ఏమండీ, ఇక్కడ పిల్లల టీచరు ఎవరండీ?"

మాస్టారు అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నేనేనమ్మా," అన్నాడు తుడిచే గుడ్డ వెనక దాచుకుంటూ. "రండి, రండి. కాస్త చూసుకుని, నేల ఇంకా తడిగానే ఉంది."